ఏమేవ్, తలుపు తియ్యి

టీవీలో ఎపిసోడ్ నడుస్తున్నంతసేపూ అమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉంది. పక్కన కూర్చున్న కూతురికి మాత్రం ఒళ్ళు మండిపోతోంది.

ఆ కూతుర్ని ఇంట్లో తమ్ముడూ, ఆఫీసులో తోటివాళ్ళూ కూడా అక్క అనే పిలుస్తారు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఆమె ఉద్యోగం. ఎక్కడైనా లిఫ్టు ఆగిపోతే, లోపల చిక్కుకున్నవాళ్ళు మీట నొక్కగానే ఆమె ఫోను మోగుతుంది. మెకానిక్ చేరేదాకా వాళ్ళతో మాట్లాడుతూ ఉండాలి. ఏం మాట్లాడాలో కంపెనీ నేర్పలేదు. వంట గురించో, పిల్లల గురించో అడిగి భయం తెలియకుండా చేయడం ఆమే నేర్చుకుంది.

తమ్ముడు టీవీ రచయిత. పని ఎగ్గొట్టే గుమాస్తాలు, వాళ్ళమీద కేకలేసే మేనేజరు, అందరి కబుర్లూ మోసే రిసెప్షనిస్టు ఉన్న ఒక ఆఫీసు కామెడీ వారం వారం వస్తుంది. అది రాసేది అతనే. ఈ వారం ఆ ఆఫీసు లిఫ్టులో ఒక ముసలాయన చిక్కుకున్నాడు. కరెంటు పోయింది. చీకట్లో మతి చెదిరి, రిసెప్షనిస్టు గొంతును చచ్చిపోయిన భార్య గొంతు అనుకున్నాడు. "ఏమేవ్, ఎక్కడున్నావే, తలుపు తియ్యి" అంటూ ఏడ్చాడు. రిసెప్షనిస్టు "ఇక్కడే ఉన్నానండీ, వస్తున్నానండీ" అంది. సరిగ్గా అప్పుడే ఆమె మొగుడు క్యారేజీ పట్టుకుని లోపలికొచ్చి ఆ మాట విన్నాడు. ఇక చూసేవాళ్ళకి నవ్వే నవ్వు.

మొగుడు రావడం తప్ప మిగతాదంతా జరిగిందే. ఆ ముసలాయన ఒక దర్జీ, ఇప్పుడు కుట్టడం మానేశాడు. ఆయన "తలుపు తియ్యి" అని ఏడుస్తుంటే, నేను మీ ఆవిడను కాదండీ అనడానికి అక్కకు నోరు రాలేదు. "ఇక్కడే ఉన్నానండీ" అనేసింది. మెకానిక్ వచ్చి తలుపు తీసేదాకా అలాగే మాట్లాడింది. తలుపు తెరుచుకున్నాక ఆయన ఆ లిఫ్టు ఫోనులోనే, "ఈ సంగతి ఎవరికీ చెప్పకు తల్లీ" అని అడిగాడు. చెప్పనంది. కానీ ఆ ఏడుపు చెవుల్లోంచి పోక, అన్నం తింటూ ఒక్క తమ్ముడికి మాత్రం చెప్పుకుంది.

మర్నాడు ఆఫీసులో అడుగుపెట్టేసరికి మెకానిక్‌లు ఒకరినొకరు "ఏమేవ్" అని పిలుచుకుంటున్నారు. ఆమె వాళ్ళను దాటుకుని వెళ్ళింది. కుర్చీలో కూర్చోగానే ఫోను మోగింది.

"నేనమ్మా, దర్జీని."

"మళ్ళీ ఆగిపోయిందా తాతగారూ? మెకానిక్‌ను పంపిస్తాను, కంగారుపడకండి."

"లేదమ్మా, ఇంట్లోంచే చేస్తున్నాను, లిఫ్టులో మీ నంబరు రాసి ఉంది. ఒక మాట అడుగుదామని. మీ దగ్గర మేం మాట్లాడేవన్నీ టీవీ వాళ్ళకి వినిపిస్తారా?"

ఆమె ఫోను చెవికి గట్టిగా అదుముకుంది.

"నిన్న ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. కోడలు నవ్వింది, మనవరాలు నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే అది నేనేనని తెలిసిపోదూ?" అని ఆగాడు. "కోప్పడుతున్నానని కాదు. అడుగుదామని చేశాను, అంతే." ఫోను పెట్టేశాడు.

ఆయన కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది. ఆయన పడని కోపం కూడా ఆమెకే వచ్చి చేరింది.

సాయంత్రం తమ్ముడు మేడమీది గదిలో రాసుకుంటున్నాడు. అక్క లోపలికెళ్ళి అతని ముందున్న కాగితాలు పక్కకు నెట్టింది.

"పేరు పెట్టలేదు కదక్కా," అన్నాడు అతను, ఆమె మొహం చూడగానే సంగతి అర్థమై. "ఆయన దర్జీ అని కూడా రాయలేదు. ఎవరికి తెలుస్తుంది?"

"ఆయనకు తెలిసింది. అది చాలదూ?"

"అందరూ ఎంత మెచ్చుకుంటున్నారో తెలుసా? మొగుడు క్యారేజీతో రావడం నా సొంత కల్పన."

"కల్పన నీది. ఏడుపు ఆయనది. కడుపులో పెట్టుకుంటావని చెప్పానురా, సంతలో పెడతావని కాదు."

"నవ్వించడం నా పని. వారం వారం ఎక్కణ్ణుంచి తేను?"

"నా మీద రాసుకో. నా నడక మీద రాయి, నా గురక మీద రాయి. ఆయన నీ చుట్టమా, పక్కమా?"

అతను తలదించుకుని, ఇక దాచి లాభం లేదన్నట్టు అసలు మాట బయటపెట్టాడు. ముసలాయన పాత్ర జనానికి తెగ నచ్చిందట. ఇకమీద ప్రతి వారం లిఫ్టులో చిక్కుకోవాలని నిర్మాత చెప్పాడట.

మర్నాడు అక్క సెలవు పెట్టి తమ్ముడి వెంట షూటింగ్‌కి వెళ్ళింది. అక్కడ లిఫ్టంటే మూడు చెక్క గోడలే. పైకప్పు లేదు. ఇద్దరు మనుషులు చెరో పక్కా నిలబడి తాళ్ళతో తలుపు లాగుతున్నారు. లోపల స్టూలు మీద ముసలి వేషగాడు తలకు తెల్లరంగు వేయించుకుంటూ, "ఏమేవ్" అనే మాటను నాలుగు రకాలుగా అని చూసుకుంటున్నాడు.

నిర్మాత ఆమెకు కుర్చీ వేయించాడు. చెప్పిందంతా ఓపిగ్గానే విన్నాడు. విని, చిటిక వేశాడు.

"ఒక పని చేద్దామమ్మా. ఆ పెద్దాయన్నే తీసుకురండి. చిన్న వేషం ఇద్దాం. టీవీలో కనిపిస్తే ఆయనే మురిసిపోతాడు."

"ఆయన పెళ్ళాం కోసం ఏడ్చాడండీ," అంది అక్క. "చీకట్లో, దిక్కులేక ఏడ్చాడు. మళ్ళీ మీ లైట్ల ముందు ఏడవమంటారా? ఈసారి నవ్వు సరిగ్గా రాకపోతే ఇంకోసారి ఏడిపిస్తారా?"

తాళ్ళు లాగే మనుషులు లాగడం ఆపేశారు. నిర్మాత నవ్వు మొహంతోనే తమ్ముడివైపు తిరిగాడు.

"మీ అక్కకు నువ్వు చెప్పుకోవయ్యా. వచ్చే వారం సీను ఎంతవరకు వచ్చింది?"

తమ్ముడు కాసేపు అక్కనూ, ఆ చెక్క గోడల్నీ చూశాడు. "ఆ పాత్ర నేను రాయనండీ," అన్నాడు.

"నువ్వు కాకపోతే ఇంకొకడు రాస్తాడు."

"రాయించుకోండి."

అలా ఆ పని పోయింది. ఇంటికెళ్ళాక అమ్మ కూతురిమీద విరుచుకుపడింది. "ఎవరో దారినపోయే ముసలాయన కోసం తోడబుట్టినవాడి నోటి దగ్గర కూడు తీశావే," అంది. తమ్ముడు ఉద్యోగం వదిలినంత మాత్రాన అక్క కోపం చల్లారలేదు. దర్జీ దగ్గరకు వచ్చి క్షమాపణ అడగమని తమ్ముడితో అంది. సరేనన్నాడు.

ఆదివారం ఇద్దరూ ఆ లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంటులోనే దర్జీ ఇంటికి వెళ్ళారు. తలుపు తీసింది ఆయన కోడలు. వెనకే దర్జీ వచ్చాడు. అక్క గొంతు విని ఎవరో పోల్చుకున్నాడు. తమ్ముడి మొహం చూసి, ఎందుకొచ్చారో కూడా గ్రహించాడు. అతను నోరు తెరిచేలోపే, "లిఫ్టు కంపెనీ వాళ్ళమ్మా, ఎలా పనిచేస్తోందో అడగడానికి వచ్చారు," అని కోడలికి చెప్పేశాడు. చెబుతూ అక్కవైపు చూసిన చూపులో బతిమాలుకోవడం తప్ప ఇంకేం లేదు.

కోడలు మంచి మనిషి. ఇద్దర్నీ కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది.

"లిఫ్టంటే గుర్తొచ్చింది. ఆ ఆఫీసు సీరియల్ చూస్తారా మీరు? మొన్న ముసలాయన లిఫ్టులో... అబ్బ, పొట్ట చెక్కలైందనుకోండి. మా మామయ్యగారైతే ఎంత నవ్వారో. ఏం మామయ్యగారూ?"

"అవునమ్మా, భలే నవ్వొచ్చింది," అన్నాడు దర్జీ.

ఆవిడ ఆ సీను మొదట్నుంచీ చెప్పుకొచ్చింది. ముసలాయన గొంతు పెట్టి "తలుపు తియ్యి" అంది. దర్జీ అక్కడక్కడా నవ్వుతూ, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని విన్నాడు. తమ్ముడు కాఫీ కప్పు కింద పెట్టేశాడు. లేవబోయాడు. అక్క అతని మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది. ఆయన అంతా వింటున్నప్పుడు నువ్వూ వినాల్సిందే అన్నట్టు గట్టిగా పట్టుకుంది.

బయటికొచ్చాక మెట్ల మీద తమ్ముడు ఆగిపోయి గోడకు ఆనుకున్నాడు.

"ఒక్క మాటైనా చెప్పనివ్వలేదక్కా ఆయన," అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు.

"చెప్పనివ్వడు. చెబితే ఆయన పరువు ఆ ఇంట్లో కూడా పోతుంది. నీకు తేలికవడం కోసం ఆయన ఇంకోసారి బయటపడాలా?" అంది అక్క. అతని కళ్ళు తుడవలేదు. అతనికన్నా ముందు మెట్లు దిగిపోయింది.