పురుగు తొలవని వంకాయ

మార్కెట్‌లో నిగనిగలాడే వంకాయను చూసి మురిసిపోతాం. దాన్ని పండించినవాడు పొలం నుంచి ఇంటికి ఎలా చేరుతున్నాడో మనలో ఎందరం ఆలోచించాం?

ఆ సాయంత్రం రైతు గుమ్మంలోకి రాగానే చిన్నకూతురు చేతులు చాచి పరుగెత్తింది. తల్లి గబుక్కున రెక్క పట్టుకుని ఆపింది.

"ఆగవే! నాన్న మందు కొట్టొచ్చాడు. స్నానం చేసేదాకా ముట్టుకోకు."

ఆ ఇంట్లో అది అలవాటైపోయిన మాట. కాయతొలుచు పురుగు మొండికేసేకొద్దీ మందు మోతాదు పెరిగింది. చివరికి ఒకరోజు అతను పంపు వీపున ఉండగానే చాళ్ళ మధ్య కుప్పకూలాడు. ఆసుపత్రి నుంచి ప్రాణాలతో వచ్చాడు గానీ, గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికేది.

"ఇక మన తోటలో ఆ పంపు దిగడానికి వీల్లేదు," అంది భార్య.

"మరి పురుగుని బతిమాలతావా?" అన్నాడతను నీరసంగా.

ఆమె ఊరుకోలేదు. ప్రభుత్వ పరిశోధనా కేంద్రానికి వెళ్ళి, వంగ మీద పనిచేసే శాస్త్రవేత్తను ఇంటికి పిలుచుకొచ్చింది. మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి నుంచి జన్యువు తీసి వంగలో చేర్చామనీ, ఆ మొక్కను కొరికితే కాయతొలుచు పురుగు చస్తుందనీ ఆవిడ చెప్పింది.

పక్కనే కూర్చున్న రైతు తల్లి, ఆ ఇంటి అత్తగారు, ముఖం చిట్లించింది. "పురుగుని చంపేది మమ్మల్ని వదులుతుందా అమ్మా?"

"అడగాల్సిన మాటే అడిగారు పెద్దమ్మా. అది ఆ జాతి పురుగుల పేగుల్లోనే పనిచేస్తుంది. మన కడుపులో మామూలు తిండిలాగే అరిగిపోతుంది. ఏళ్ళ తరబడి పరీక్షించాకే బయటికి ఇచ్చాం. కానీ ఇదేం మంత్రం కాదు. ఆకుల రసం పీల్చే తెల్లదోమ, పేనుబంక వస్తే మీరే కనిపెట్టుకోవాలి. తోట చుట్టూ మామూలు వంగ వరసలు కూడా వేయాలి."

"అంటే పురుగులకి విందా?" రైతు నవ్వాడు. జబ్బుపడ్డాక అతను నవ్వడం అదే మొదలు.

"విందే అన్నయ్యా! అంతా ఇదే వేస్తే, దీన్ని తట్టుకునే పురుగులే మిగిలి పెరిగిపోతాయి. మళ్ళీ మొదటికొస్తాం. మామూలు వంగ మీద బతికిన పురుగులు వాటితో జతకడితే ఆ తట్టుకునే గుణం పలచబడుతుంది."

ఆ నారు తెచ్చి నాటి, చుట్టూ మామూలు వంగ వేశారు. మొక్కలు ఏపుగా ఎదిగాయి. రైతు భార్య రోజూ ఆకులు తిప్పి చూసేది. తెల్లదోమ వాలితే పసుపుపచ్చ జిగురు అట్టలు కట్టింది. మందు వాసన పోయిన తోటలోకి మచ్చల రెక్కల అక్షింతల పురుగులు తిరిగొచ్చి పేనుబంకను తిని దాని పని పట్టాయి.

తొలి కోతను ఆమే మార్కెట్‌కు తీసుకెళ్ళింది. వ్యాపారి అలవాటుగా ఒక కాయ కోశాడు. లోపల తెల్లగా ఉంది. నమ్మకం కుదరక మరొకటి, ఇంకొకటి కోశాడు.

"ఏంటమ్మా, పురుగులు మీ మీద అలిగాయా?"

"అలగలేదండీ. గట్టు పక్క విడిది ఇచ్చాం!"

అక్కడున్నవాళ్ళంతా గొల్లుమన్నారు. మర్నాటి నుంచి తోట చూడటానికి రైతులు బారులు తీరారు. వాళ్ళకు మొక్కలు చూపిస్తూ ముందు నడిచింది అత్తగారే.

"మందు కొట్టడమే సేద్యమనుకుని నా కొడుకుని పోగొట్టుకోబోయాను," అందావిడ గొంతు పెంచి. "కొత్తదని బెదిరిపోకండి, కొత్తదని కళ్ళు మూసుకునీ నమ్మకండి. నాలాగ నిలదీసి అడగండి. పండించే మనిషినీ, పండే నేలనూ కాపాడేదే నిజమైన సేద్యం!"