పన్నెండు ఇరవై భోజనం

మా పిట్టకు నాలుగేళ్లు. ఏడు నిమిషాల్లో కంచం ఖాళీ చేస్తుంది. ఈ మాట విని తోటి తల్లులు కుళ్లుకుంటారు. "మావాడు ముద్ద బుగ్గన పెట్టుకుని గంటసేపు కూర్చుంటాడు, నువ్వు అదృష్టవంతురాలివమ్మా" అంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. అది అదృష్టం కాదనీ, నా చేతకానితనమనీ నోరు తెరిచి ఎవరికీ చెప్పుకోలేదు.

నేను బస్సు డిపోలో డ్యూటీ చార్టులు వేస్తాను. ఏ డ్రైవరు ఏ బస్సు ఎక్కాలి, ఎన్నింటికి దిగాలి, ఏ స్టాండులో ఇరవై నిమిషాలు కూర్చుని భోంచేయాలి, అన్నీ నా పెన్సిలు కిందినుంచే రావాలి. పిల్లలబడి పన్నెండింటికి వదిలేస్తారు. పిట్ట నాన్నా నేనూ విడిపోయి రెండేళ్లయింది, ఆయన వేరే ఊళ్లో ఉంటాడు. అందుకని పిల్లను బడి నుంచి తీసుకొచ్చి డిపో క్యాంటీన్లో డ్రైవర్ల మధ్య కూర్చోబెట్టి నా బల్ల దగ్గరికి వెళ్లిపోతాను. వాళ్లు గోడ గడియారం వంక చూస్తూ గబగబా తింటారు. అదీ అలాగే నేర్చుకుంది. ఆఖరి ముద్ద మింగీ మింగకముందే పక్కనున్న పెద్ద డ్రైవర్ని "టైమైపోయిందా మామా?" అని అడుగుతుంది. ఆయన పగలబడి నవ్వుతాడు. మొదట్లో నాకూ నవ్వొచ్చేది.

పోయిన నెల బడిలో ఒక రోజు, పిల్లలతో కలిసి భోంచేయడానికి తల్లిదండ్రుల్ని రమ్మన్నారు. వస్తానని ఒకటికి పదిసార్లు చెప్పాను. సరిగ్గా ఆ పొద్దున్నే ఇద్దరు డ్రైవర్లు జ్వరమంటూ రాలేదు. చార్టు మళ్లీ వేసి, పడుతూ లేస్తూ వెళ్లేసరికి పిల్లలు తినేసి, వరసగా నిలబడి చేతులు కడుక్కుంటున్నారు. నా కోసం వేసిన కుర్చీలో పిట్ట తన సంచి పెట్టుకుంది. అది ఏడవలేదట. "అమ్మకి డ్యూటీ పడింది" అని అందరికీ తనే సర్దిచెప్పిందట. "ఎంత అర్థం చేసుకుంటుందో అండీ" అని టీచరమ్మ మెచ్చుకుంది. ఆవిడ మెచ్చుకుంటుంటే నాకు చెంప ఛెళ్లుమన్నట్టయింది.

ఆ సాయంత్రమే దానికి మాటిచ్చాను. ఒక రోజంతా నీతోనే, మూడు పూటలూ ఎదురెదురుగా కూర్చుని తిందాం అన్నాను. ఎక్కడ తిందాం అని అడిగితే క్షణం ఆలోచించకుండా "ఏనుగు దగ్గర" అంది.

ఏనుగంటే ఊరి చివరి ఆటల పార్కులో ఉండే గులాబి ఏనుగు. లోపల ఉండేది మనిషే. మధ్యాహ్నం భోజనాల హాల్లో ఒక్కో బల్ల దగ్గరికీ వచ్చి పిల్లల పక్కన కూర్చుంటుంది, తొండంతో చెంచా పట్టుకున్నట్టు నటిస్తుంది, ఫొటో దిగి వెళ్లిపోతుంది. పక్కింటి పిల్ల దగ్గర ఆ ఫొటో ఉంది. దాన్ని చూపించినప్పుడల్లా మా పిట్ట వేలితో ఏనుగును కాకుండా, ఏనుగుకు అటూ ఇటూ కూర్చున్న ఆ పిల్లనూ వాళ్లమ్మనూ తడిమేది.

నాకు వంట సరిగ్గా రాదు, జడ సరిగ్గా వేయడం రాదు, కానీ చార్టు వేయడంలో నన్ను మించినవాళ్లు లేరు. మూడు వారాల ముందే మూడు హోటళ్లలో బల్లలు రిజర్వ్ చేశాను. ఎనిమిది నలభైకి గేటు పక్కన టిఫిన్. పదింబావుకు అరటిపండు. పదకొండు యాభైకి బాత్రూమ్. పన్నెండు ఇరవైకి ఏనుగుతో భోజనం. మూడింటికి పాలు. అయిదూ పదికే రాత్రి భోజనం, ఎందుకంటే ఆరు దాటితే పిల్లకు నిద్రమత్తు, నిద్రమత్తు వస్తే నాకు నరకం. మా చార్టుల్లో ఆఖరి గడి పేరు 'స్పేర్'. ఎవరైనా రాకపోతే వాళ్ల బదులు బస్సెక్కడానికి సిద్ధంగా కూర్చునే మనిషి పేరు అందులో రాస్తాం. అలవాటు కొద్దీ ఆ గడి కూడా గీశాను. అందులో ఏం రాయాలో తోచక అడ్డంగా ఒక గీత పెట్టాను.

ఆ రోజుకు నా కుర్చీలో కూర్చోవాల్సిన గుమాస్తా నాకంటే పదేళ్లు పెద్ద. మనిషి బంగారం. కాకపోతే ఏది చెప్పినా రెండోసారి అడిగితే గానీ ఆయన చెయ్యి కదలదు. డిపోలో అందరూ ఆయన్ని 'అయోమయం గారు' అంటారు, ఆయన ఎదుటే అంటారు, ఆయనా పలుకుతాడు.

"మరి ఏదైనా ఇబ్బందొస్తే, మేడమ్?" అన్నాడు.

"ఏమీ రాదు. అంతా రాసిపెట్టాను."

"రాదనుకోండి. ఒకవేళ వస్తే?"

"వస్తే లంచ్ టైములో చెయ్యండి. పన్నెండు ఇరవై నుంచి పన్నెండు నలభై అయిదు. అప్పుడైతే కూర్చునే ఉంటాను."

మా పద్ధతే అది. బస్సు నడుపుతున్న డ్రైవరుకు ఫోన్ చేయకూడదు. ఏం అడగాలన్నా భోజనానికి దిగినప్పుడే అడుగుతాం. నోటికి అలవాటైపోయిన మాట అలవాటుగా జారింది. ఏం అన్నానో నాకే తట్టలేదు. అయోమయం గారు మాత్రం ఆ టైము శ్రద్ధగా తన డైరీలో రాసుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. ఎనిమిది నలభై టిఫిన్ ఎనిమిది యాభైకే ముగిసింది. పిట్ట రొట్టె ముక్క నోట్లో కుక్కుకుని, పాలు గటగటా తాగి, మూతి తుడుచుకుని కుర్చీ దిగిపోయింది. నేను ఇంకా నా కాఫీలో చక్కెర కలుపుతున్నాను. చార్టు కంటే ముందున్నామని, సిగ్గులేకుండా, మనసులోనే మురిసిపోయాను.

పదకొండు యాభైకి బాత్రూమ్ ముందు నిలబెట్టి అడిగితే "రావట్లేదు" అంది. పన్నెండూ పదిహేనుకు, భోజనాల హాలు గుమ్మం కంటికి కనిపిస్తుండగా, "అమ్మా, వచ్చేస్తోంది" అంది. మళ్లీ వెనక్కి పరుగు. అక్కడ కొండవీటి చాంతాడంత క్యూ. ఇంకొకరుంటే ఒకరు క్యూలో నిలబడతారు, ఒకరు హాలుకెళ్లి 'వస్తున్నారు' అని చెబుతారు. నేను ఒక చేత్తో సంచి, ఒక చేత్తో పిల్ల, పళ్ల మధ్య దాని టోపీ పట్టుకుని నిలబడ్డాను. హాలు చేరేసరికి పన్నెండూ ముప్పై ఒకటి.

గుమ్మం దగ్గర జాబితా పట్టుకున్న అమ్మాయి, "పదిహేను నిమిషాలు దాటితే బల్ల ఇంకొకళ్లకి ఇచ్చేస్తామండీ. నాలుగు నిమిషాల్లో బతికిపోయారు" అని లోపలికి పంపింది.

ఎవరికి కావలసింది వాళ్లే వడ్డించుకోవాలి. పిల్లను బల్ల దగ్గర వదిలితే పిల్ల ఏమవుతుందోనని భయం, వెంట తీసుకెళ్తే ఖాళీగా ఉందని బల్ల ఎవరైనా ఆక్రమిస్తారేమోనని భయం. సంచిని కుర్చీలో కాపలా పెట్టి పిల్లనే తీసుకెళ్లాను. అన్నం, ఉడికిన గుడ్డు, బంగాళాదుంప ముక్కలు, పెరుగు తెచ్చుకుని కూర్చునేసరికి పన్నెండు నలభై. ఏనుగు మాకు మూడు బల్లల అవతల ఉంది.

పిట్ట చెంచా ఎత్తి, మళ్లీ కంచంలో పెట్టేసింది.

"తినవే."

"ఏనుగొచ్చాక. ముగ్గురం కలిసి తిందాం."

కంచం ముందు పెడితే ఆగని పిల్ల, చేతులు ఒళ్లో పెట్టుకుని, కాళ్లు ఊపుకుంటూ ఎదురుచూస్తోంది. దాన్ని అలా చూడటం నాకు అదే మొదటిసారి. ఆ సంతోషం పూర్తిగా గుండెకు అందకముందే ఫోన్ మోగింది.

"మేడమ్, మీరు కూర్చునే ఉంటారని చేశానండీ" అన్నాడు అయోమయం గారు. ఒంటిగంట బస్సు ఎక్కాల్సిన డ్రైవరు పన్నునొప్పితో కూర్చుండిపోయాడట. "స్పేర్‌ని ఎక్కించమంటారా?"

"ఎక్కించండి."

"ఎక్కిస్తాను. మరి స్పేర్‌కి స్పేర్ ఎవరు మేడమ్?"

హాల్లో గోల. ఒక మాట వినిపిస్తే రెండు వినిపించడం లేదు. పిట్టకు ఒక వేలు చూపించి "ఒక్క నిమిషం" అన్నాను. రెండో చెవి మూసుకుని గోడ వైపు తిరిగాను.

ఒక నిజం ఒప్పుకోవాలి. 'ఏదో ఒకటి చూడండి' అని ఫోన్ పెట్టేయొచ్చు. పెట్టేయలేదు. పొద్దుటి నుంచి సంచి, సీసా, టోపీ, పిల్ల అంటూ తడబడుతున్న మనిషికి, చేతనైన పని ఒకటి చేతికి దొరికింది. మూడో నంబరు బస్సును పావుగంట ఆపమన్నాను, ఏడో నంబరు డ్రైవర్ని దీనికి మార్చమన్నాను, అడక్కపోయినా రేపటి చార్టు గురించి కూడా రెండు మాటలు చెప్పాను. ఆ కాసేపూ నాకు హాయిగా ఉంది. ఇప్పటికీ నన్ను తినేస్తున్నది ఆ హాయే.

ఇటు తిరిగేసరికి ఏనుగు హాలు ఆ చివర, మాకు వీపు పెట్టి, ఇంకో బల్ల దగ్గర ఉంది. పిట్ట కంచం తుడిచినట్టు ఖాళీగా ఉంది.

"ఏనుగు ఇటు రాలేదా?"

"వచ్చింది."

"మరి?"

"అమ్మ డ్యూటీలో ఉంది, తర్వాత రా అని చెప్పా. తలూపింది." చేతులు గౌనుకు తుడుచుకుంటూ, నాకు ధైర్యం చెబుతున్నట్టు అంది. "ఫొటోలో నువ్వూ ఉండాలి కదా. మళ్లీ వస్తుందిలే. టైమైపోతుందని నేను తినేశా."

నేను కుర్చీ తోసుకుని లేచాను. ఏనుగు అప్పటికే పక్క తలుపులోంచి లోపలికి వెళ్లిపోతోంది. ఖాళీ కంచాలు తీస్తున్న సర్వరును పట్టుకున్నాను.

"ఒక్కసారి రమ్మనండి బాబూ, ఒక్క నిమిషం. మా పాప దాని కోసమే వచ్చింది."

"కుదరదండీ. లోపల ఉన్నది మనిషి కదా, ఆ వేషంలో అంతసేపు ఉండలేరు. ఆవిడ ఇప్పుడు భోజనానికి వెళ్లింది."

"ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలండీ. వచ్చేసరికి మీ బల్ల వేరేవాళ్లది."

ఇరవై నిమిషాలు. మేనేజరు డ్రైవర్ల భోజనంలో అయిదు నిమిషాలు కోస్తానంటే ఆయన గదిలోకి వెళ్లి బల్ల గుద్ది పోట్లాడినదాన్ని నేను. ఆ ఇరవై నిమిషాలు ఎవరి సొత్తో నాకు చెప్పాల్సిన పనిలేదు. ఊళ్లో అందరి భోజనానికీ కాపలా కాసి, నా కూతురి భోజనానికి నేనే గండి కొట్టాను. ఫోన్ కూడా దానంతట అది రాలేదు. రమ్మని నేనే టైమిచ్చి పిలిచాను.

బల్ల దగ్గరికొచ్చేసరికి పిట్ట మూడో కుర్చీని బరబరా లాగి తన పక్కన వేసి ఉంచింది.

"రాదమ్మా. ఏనుగు అన్నం తినడానికెళ్లింది."

"వాళ్ల పాపతోనా?"

"తెలీదు నాన్నా."

"సరే" అంది. అంతే. గొడవ చేస్తే బాగుండేది, కింద పడి దొర్లితే బాగుండేది. మిగతా బల్లల్లో పిల్లలు అంతకంటే చిన్న వాటికి హాలు పీకి పందిరి వేస్తున్నారు. మా పిట్ట కుర్చీని మళ్లీ బల్ల కిందికి తోసి, నా సంచి తెచ్చి నా చేతికిచ్చింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు ఫోన్ ఆపేశాను. మధ్యాహ్నమంతా రంగులరాట్నం ఎక్కాం, నీళ్లలో పడవ ఎక్కాం. మూడింటికి పాలు తాగించడం మర్చిపోయాను. అయిదూ పదికి పార్కు వెనక వైపున్న చిన్న హోటలుకు వెళ్లాం. నాలుగే బల్లలు. ఏనుగులు లేవు, పాటలు లేవు. సూప్, రొట్టె తెచ్చిపెట్టారు.

"మెల్లగా తిందాం పిట్టా. ఇవాళ ఎంత టైమైనా ఉంది" అన్నాను.

అది నా మొహం చూసింది, గోడ గడియారం చూసింది. గడియారం చూడటం దానికింకా రాదు. నమ్మలేదు గానీ, పోనీలే అన్నట్టు చెంచా కింద పెట్టింది.

"అయితే ఆడుకుందాం. నువ్వు ఏనుగు. నేను అమ్మ."

నాకు ప్రాణం లేచొచ్చింది. దిద్దుకోవడానికి దేవుడు ఇంకో అవకాశం ఇచ్చాడనుకున్నాను. లేచి నిలబడి, ఒక చెయ్యి ముక్కు ముందు తొండంలా ఊపుకుంటూ, చూసేవాళ్లు నవ్వితే నవ్వనీ అని, బల్ల చుట్టూ తిరిగొచ్చి దాని పక్క కుర్చీలో కూర్చున్నాను. పిట్ట కిలకిలా నవ్వింది. తొండంతో రొట్టె ముక్క అందుకుని దాని నోటి దగ్గర పెట్టబోయాను.

అది చెంచా తీసుకుని చెవికి ఆనించుకుంది.

"హలో. ఆఁ, చెప్పండి" అంది. కనుబొమలు ముడిచి, అచ్చం నా గొంతుతో, "స్పేర్‌ని ఎక్కించండి" అంది. రెండో చేతి వేలు ఒకటి నా మొహం ముందు ఎత్తి, "ఒక్క నిమిషం" అని, కుర్చీలో మోకాళ్ల మీద లేచి, గోడ వైపు తిరిగిపోయింది.

నేను రొట్టె ముక్క పట్టుకుని అలాగే ఉండిపోయాను. అది గోడతో మాట్లాడుతూనే ఉంది. ఎవరినో ఎక్కిస్తోంది, ఎవరినో దింపుతోంది, రేపటిది రేపు చూద్దామంటోంది. ఇక ఆగలేకపోయాను.

"పిట్టా, అమ్మది తప్పు నాన్నా..."

అది ఇటు తిరిగింది. కోపమేమీ లేదు. ఆట తెలియనిదానికి చెబుతున్నట్టు ఓపిగ్గా చెప్పింది.

"ఏనుగు మాట్లాడదమ్మా. తలూపాలి."

మళ్లీ గోడ వైపు తిరిగి చెంచా చెవికి ఆనించుకుంది. నేను తలూపాను. తొండాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆ బెత్తెడు వీపును చూస్తూ, నా నిమిషం ఎప్పుడు అయిపోతుందా అని కూర్చున్నాను. బల్ల మీద సూప్ చల్లారిపోతోంది.