చిత్తడినేల పటం

ఉదయం కార్యాలయం తెరవగానే, పటాలు గీసే ఉద్యోగిని చేసే మొదటి పని అడుగు సొరుగులోని గుడ్డ మార్చడం. అందులో ఉన్న చిత్తడినేల పటంలో రాత్రంతా తడి ఊరేది. భోజనాల వేళకు దానిలోంచి ఒకటో రెండో కొంగలు లేచి కిటికీ అంచున వాలేవి. ఫైళ్ళ మీద రెట్ట వేయకుంటే అదే పదివేలని గుమస్తాలు సరిపెట్టుకునేవారు.

ఆ నేలకు ఆమె తండ్రి కావలివాడు. దాని గట్టు మీది గుడిసెలోనే ఆమె పుట్టి పెరిగింది. వేసవి ముగిసేలోగా రక్షిత ప్రాంతంగా ప్రకటించకపోతే, ఆ నేలను పూడ్చి గిడ్డంగులు కడతారు. ప్రకటించాలంటే చట్టప్రకారం దానికొక పేరు ఉండాలి. పేరు పెట్టే అధికారం డైరెక్టరుది. డైరెక్టరు కుర్చీ మూడేళ్లుగా ఖాళీ.

రక్షిత ప్రాంతపు పటంలో మనిషి నివాసం కనిపించకూడదన్నది మరో నిబంధన. అందుకని తండ్రి గుడిసెను ఆమె తన చేత్తోనే, కాగితం చిట్లకుండా, బ్లేడుతో గీకివేసింది. ఒక పూట పట్టింది. ఆ సంగతి చెబితే తండ్రి నవ్వాడు.

"పోనీలే తల్లీ. నేలంటూ మిగిలితే గుడిసెకేం, మళ్ళీ వేసుకోవచ్చు."

పై అధికారి చుట్టూ ఆమె కాళ్ళరిగేలా తిరిగింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఇన్‌ఛార్జిగా సెలవులు ఇవ్వగలనే గానీ పేర్లు పెట్టలేనని ప్రతిసారీ ఆ ఖాళీ కుర్చీ చూపించి మరీ చెప్పేవాడు.

గడువు దాటింది. లారీలు వచ్చాయి. పదకొండు రోజుల్లో నేల పూడిపోయింది. ముగిసిన ఫైళ్ళతో పాటు పటాన్నీ కాల్చేయమని ఉత్తరువు రాగా, ఆమె దాన్ని గుండెలకు హత్తుకొని రికార్డుల గది పెద్దాయన దగ్గరికి పరుగెత్తింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"నన్ను ఇక్కడ పురుగు కన్నా హీనంగా చూస్తారమ్మా. కానీ ఒక కాగితాన్ని ఎప్పటికీ ఉంచాలనే అధికారం చట్టం నాకే ఇచ్చింది."

పటం మూలన 'శాశ్వత భద్రత' అని ముద్ర వేశాడు. నేలకు దొరకనిది కాగితానికి అరనిమిషంలో దొరికింది.

మర్నాడు తండ్రి కార్యాలయానికి వచ్చాడు. ఆయన పాదాలకు బురద లేకపోవడం ఆమె చూడడం అదే మొదలు. పూడిక మీద ఎక్కడ నిలబడాలో తెలియడం లేదని చెప్పి, సొరుగు తెరవమన్నాడు.

"ఇందులో గుడిసె లేదు నాన్నా."

"కలం నీ చేతిలోనే ఉందిగా. వానలొచ్చేలోగా నాలుగు గీతలు గీసిపెట్టు."

చెప్పులు బల్ల కింద విడిచి, పంచె ఎగ్గట్టి, ఆయన పటంలోకి దిగాడు. దారికి అడ్డమని పక్క గుమస్తా కుర్చీ జరిపాడు.

ఆ సాయంత్రమే పటంలో మబ్బు పట్టింది. బ్లేడు గీకిన మరక దగ్గర, గట్టు మీద, ఆవగింజంత మనిషి తలపై చేతులు పెట్టుకొని నిలబడి ఉన్నాడు. ఆమె కలానికి సిరా పట్టించింది. ఫైళ్ళ కోసం వచ్చిన పెద్దాయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దమ్మా. ముద్ర పడ్డాక ఒక్క గీత చేర్చినా పటం చెల్లదు. చెల్లనిదాన్ని కాల్చేయాలి."

మొదటి చినుకు కాగితం మీద పడింది. ఆమె కలానికి మూత పెట్టి, పటం కింది తడి గుడ్డ తీసి, పొడి గుడ్డ పరిచింది.