అలాంటి ఆదేశం లేదు

ఢిల్లీ నార్త్ ఎవెన్యూలో పాలమూరు ఎంపీ ఛాయాదేవి ఉండే ఫ్లాట్‌కి పొద్దున్నే వచ్చేవాళ్ళు రకరకాలు. రైల్వే కోటా కోసం ఒకరు, ఆస్పత్రిలో మంచం కోసం ఒకరు, ఊరికే పాలమూరు మాట చెవిన పడుతుందని ఒకరు. ఆ ఆదివారం వచ్చిన కుర్మమ్మ మాత్రం ఏమీ అడక్కుండా గుమ్మం ముందు కూలబడింది. చీర మోకాళ్ళ దాకా బురద. మురుగు పైపుల కోసం తవ్విన గోతిలోంచి పాకి బయటపడ్డానని కాసేపటికి చెప్పింది.

"పోలీసోళ్ళు గేటుకు తాడు కట్టిన్రమ్మా. లోపలోళ్ళు లోపల్నే. జరం పోయింది గదా, ఇప్పుడెవ్వరికీ లేదు గదా అంటే ఇనరు."

దసరా ముందు ఢిల్లీని ఒక జ్వరం వణికించింది. బడులు మూశారు, సినిమా హాళ్ళు మూశారు. ముక్కుకి గుడ్డ లేనిదే బస్సు ఎక్కనివ్వలేదు. దీపావళి దాటాక జ్వరం తగ్గింది. బడులు తెరిచారు, హాళ్ళు తెరిచారు. జనక్‌పురి అవతల ఫ్లాట్లు కడుతున్న పాలమూరు కూలీల గుడిసెల ముందు కట్టిన తాడు మాత్రం ఎవరూ విప్పలేదు. గుడిసెలోంచి పనికి, పనిలోంచి గుడిసెకి. రోడ్డు దాటి కూరగాయలు కొనుక్కోవడానికి కూడా లేదు. ఆ రోడ్డుకి అటువైపు కాలనీలో పిల్లలు మాత్రం సాయంత్రాలు హాయిగా క్రికెట్ ఆడుకుంటున్నారు.

"పోయిన వారం మా పక్క గుడిసె పిల్లకు నొప్పులొచ్చినయి. గేటు కాడ కూసొని మొక్కినం, ఏడ్సినం. ఇడువలే. బిడ్డ దక్కలే." కుర్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా కోడలు లచ్చమ్మకు నేడో రేపో అన్నట్టున్నది. తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని అంటున్నది."

ఛాయాదేవి ఆమెకు వేడినీళ్ళు తోడి ఇచ్చి, తన చీర ఒకటి ఇచ్చి, టీ తాగించి, కారెక్కించుకుని బయలుదేరింది.

గేటు దగ్గర సబ్ ఇన్‌స్పెక్టర్ మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు. ఆమె కూర్చోలేదు.

"ఆర్డరుంది మేడమ్."

"చూపించు."

"కాగితం లేదు. వైర్‌లెస్‌లో చెప్పారు."

"ఎవరు?"

"పైనుంచి."

"నిండు చూలాలిని ఆస్పత్రికి తీసుకుపోతా. నా కారులోనే, నా బాధ్యత మీదే."

"మీరు లోపలికి వెళ్ళచ్చు మేడమ్, మాకేం అభ్యంతరం లేదు. కానీ వెళ్ళాక మీరూ బయటికి రాలేరు. రూలు."

కుర్మమ్మ ఇంకేమీ వినలేదు. తాడు కింద నుంచి వంగి లోపలికి నడిచి, కోడలి దగ్గరికి వెళ్ళిపోయింది. గోతిలోంచి పాకి వచ్చిన మనిషి తనంతట తనే మళ్ళీ ఆ తాడు దాటింది.

ఛాయాదేవి ఇంటికొచ్చి ఫోన్ పట్టుకుంది. ఆరోగ్యశాఖలో ఒకాయన, అది పోలీసుల వ్యవహారమన్నాడు. పోలీసుల్లో ఒకాయన, ఆరోగ్యశాఖ చెప్పినట్టే చేస్తున్నామన్నాడు. ఎవరూ కోప్పడలేదు. ఎవరూ విసుక్కోలేదు. అందరూ మేడమ్ అన్నారు.

మర్నాడే సభలో ఆమె ప్రశ్న ఉంది. కుర్మమ్మ ఎవరో తెలియకముందు, ఎప్పుడో ఇచ్చిన ప్రశ్న అది. జ్వరం నిబంధనలు, మందుల కొరత, కూలీల బస్తీల్లో మంచినీళ్ళు, అన్నీ కలిపి రాసింది. సభలో ప్రశ్నలకి తీసే లాటరీలో పేరు రావడమే అదృష్టమైతే, జాబితాలో మూడోది కావడం ఇంకా పెద్ద అదృష్టం. పైన ఉన్న ప్రశ్నలకే మంత్రి సభలో నోరు విప్పి జవాబు చెప్పాలి. కిందివాటికి కాగితం పంపితే సరిపోతుంది.

సాయంత్రం నాగభూషణం వచ్చాడు. లోక్‌సభలో వాళ్ళ పార్టీ నాయకుడు ఆయన. బయటినుంచి మద్దతిచ్చి ప్రభుత్వాన్ని నిలబెట్టిన పార్టీ అది. సోఫాలో వెనక్కి వాలి, కండువా సర్దుకుని, మెల్లగా మొదలుపెట్టాడు.

"ప్రశ్న వెనక్కి తీసుకోమనట్లేదమ్మా. అది అసహ్యంగా ఉంటుంది. రేపు పదకొండింటికి సెంట్రల్ హాల్లో నాతో కూర్చో. కాఫీ తాగుదాం. స్పీకర్ నీ పేరు పిలుస్తారు, నువ్వు సీట్లో ఉండవు, ఆయన తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోతారు. ఎవరికీ దెబ్బ తగలదు."

"అంత బాగుంటదా అన్నా, అక్కడి కాఫీ?"

"వేళాకోళం కాదు. ఆరోగ్యమంత్రిగారు స్వయంగా ఫోన్ చేశారు. ఆ కూలీల సంగతి మెల్లగా చూద్దామన్నారు."

"మెల్లగా అంటే ఎప్పుడు? లచ్చమ్మ కడుపుల బిడ్డకు మెల్లగా రమ్మని చెప్పాల్నా?"

నాగభూషణం కాఫీ కప్పు కింద పెట్టాడు. "వచ్చే ఎన్నికల్లో నీ సీటు కోసం ఎంతమంది కాచుకుని కూర్చున్నారో తెలుసా? రోజూ వాళ్ళ మొహాలు చూసేది నేను."

"చూడండి. అలవాటైతది."

ఆయనకి నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాడు. గుమ్మం దగ్గర మాత్రం నవ్వకుండా అన్నాడు. "రేపు నువ్వు లేచి నిలబడితే, ఆ తర్వాత నిన్ను నిలబెట్టడం నా వల్ల కాదు. చెప్పలేదనకు."

ఆయన వెళ్ళాక ఛాయాదేవి మాట్లాడాల్సింది రాసుకుంది. పక్క గుడిసె పిల్ల గురించి, దక్కని బిడ్డ గురించి. చదువుకుంటే కన్నీళ్ళొచ్చాయి. వెంటనే చింపేసింది. రాజకీయాల్లోకి రాకముందు ఆమె మున్సిఫ్ కోర్టులో ప్లీడరు. కన్నీళ్ళు తెప్పించే ప్రశ్న సాక్షికి ఎంత సుఖమో ఆమెకు తెలుసు. మంత్రి కూడా కళ్ళు తుడుచుకుంటాడు, విచారం వ్యక్తం చేస్తాడు, కూర్చుంటాడు. తాడు మాత్రం అక్కడే ఉంటుంది.

ఒక్కటే అడగాలి. ఆదేశం ఉందా, లేదా? ఉందంటే, పోయిన బిడ్డకు ఆయనే జవాబు చెప్పాలి. లేదంటే, తాడు విప్పాలి.

మర్నాడు సెంట్రల్ హాల్లో నాగభూషణం కాఫీ చల్లారిపోయింది. ఆయన సభలోకి వచ్చేసరికి ఛాయాదేవి తన సీట్లో ఉంది. రెండో ప్రశ్న నడుస్తున్నంతసేపూ ఆమె కాగితం మీద తన ప్రశ్న నంబరు మళ్ళీ మళ్ళీ చూసుకుంది. బెంచీల మధ్య తిరిగే అటెండెంట్ అడక్కుండానే మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పెట్టాడు. ఆమె పేరు పిలిచారు. లేచి నంబరు చెప్పింది. జవాబు కాగితం సభ ముందు ఉంచామని చెప్పి మంత్రి కూర్చున్నాడు. ఆ జవాబు నిండా 'తగిన చర్యలు', 'ఎప్పటికప్పుడు', 'పరిస్థితిని బట్టి'. అందులో మనిషి జాడ లేదు.

"అధ్యక్షా, నా అనుబంధ ప్రశ్న చిన్నది." ఆమె హైదరాబాద్ హిందీకి వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె ఆగలేదు. "జనక్‌పురి అవతల కూలీల బస్తీ నుంచి ఎవరినీ బయటికి రానివ్వొద్దని ప్రభుత్వం ఆదేశం ఇచ్చిందా, లేదా?"

మంత్రి లేచాడు. జ్వరం ఎలా వచ్చిందో, ప్రభుత్వం ఎంత కష్టపడిందో, ప్రపంచం ఎలా మెచ్చుకుందో చెప్పుకొచ్చాడు.

"నేను కథ అడగలేదు అధ్యక్షా. ఔనా కాదా అని అడిగాను."

"కూర్చోండి! కూర్చోండి!" అధికార పక్షం అరిచింది. నాగభూషణం వెనక్కి తిరిగి, కూర్చోమని చేత్తో సైగ చేశాడు.

"ఆ గేటు దగ్గర వాళ్ళు నన్ను కూర్చోమనే అన్నరు. కుర్చీ కూడా వేసిన్రు. కూర్చోలేదు. ఇక్కడెందుకు కూర్చుంటా?"

సభ గొల్లుమంది. స్పీకర్ నవ్వలేదు. ఆయన కళ్ళజోడు తీసి మంత్రి వైపు చూశాడు. "గౌరవ సభ్యురాలు సూటిగా అడిగారు. సూటిగా చెప్పండి."

అధికారుల గ్యాలరీ నుంచి మంత్రికి చీటీ వచ్చింది. ఆయన చదివాడు, తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. "అలాంటి ఆదేశమేదీ ప్రభుత్వం ఇవ్వలేదు."

ఇక ఆమె ఎగిరిపడుతుందని, అబద్ధమని అరుస్తుందని అందరూ ఎదురుచూశారు. ఆమె చేతులు జోడించింది.

"ధన్యవాదాలు. అయితే ఇవాళ ఆ గేటు దగ్గర ఎవరైనా ఎవరినైనా ఆపితే, అది ప్రభుత్వం పేరు మీద ఆపినట్టు కాదన్నమాట. సభకు అంతే కదా చెప్తున్నారు?"

మంత్రి చీటీ తిరగేసి చూశాడు. వెనక ఏమీ లేదు.

"సహజంగా అంతే," అన్నాడు.

బల్లలు మోగుతుండగానే ఆమె బయటికి నడిచింది. నాగభూషణం వసారాలో అందుకున్నాడు. "ఎంత పని చేశావు తల్లీ! నీ టికెట్ సంగతి ఇక మర్చిపో."

"మీరు గుర్తుపెట్టుకోండన్నా. నాకు పనుంది."

గేటు దగ్గర సబ్ ఇన్‌స్పెక్టర్ ఈసారి కుర్చీ వేయించలేదు.

"సభలో ఎవరేమన్నారో నాకెలా తెలుస్తుంది మేడమ్?"

"నీ పైవాళ్ళకు తెలుసు. అడుగు."

అతను వైర్‌లెస్ అందుకున్నాడు. సాబ్ మీటింగులో ఉన్నారన్నారు. మళ్ళీ అడిగాడు. అటునుంచి చాలాసేపు గరగర తప్ప మాట లేదు. చివరికి ఒక గొంతు, నీ విచక్షణ ప్రకారం చెయ్యమంది. అతను ఆ డబ్బాని పక్కన పెట్టాడు.

"నిన్నటి దాకా ఆర్డరు వాళ్ళది. ఇవాళ విచక్షణ నాది," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "సరే మేడమ్, ఆ ఒక్కమ్మాయిని తీసుకెళ్ళండి."

తాడుకి అవతల లచ్చమ్మ అత్త భుజం మీద వాలి నిలబడి ఉంది. మొహం పాలిపోయింది. ఆమె వెనక బస్తీ మొత్తం ఉంది. ఛాయాదేవి మనసు ఒక్క క్షణం ఊగింది. ముందు ఈ పిల్లను కారెక్కిస్తే చాలు కదా అనిపించింది.

"ఒక్కరిని వదలాలంటే మిగతావాళ్ళని ఆపడానికి నీకు ఆదేశం కావాలి," అంది. "అది లేదని మంత్రే అన్నడు. విప్పు."

అతను కానిస్టేబుల్‌ని పిలవలేదు, తనే వంగాడు. వారాల మంచుకి తడిసి ముడి బిగుసుకుపోయింది. అతని గోళ్ళకి లొంగలేదు. అవతలి నుంచి కుర్మమ్మ కోడల్ని పక్కవాళ్ళకి అప్పగించి, కూర్చుని, సిమెంటు పనితో గట్టిపడ్డ వేళ్ళతో ముడిని అటునుంచి పట్టుకుంది. ఒకరు ఇటు లాగితే ఒకరు అటు వదులు చేశారు. తాడు నేలమీద పడింది.

లచ్చమ్మను వెనక సీట్లో పడుకోబెట్టారు. కుర్మమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. కారు కదులుతుండగా ఛాయాదేవి వెనక్కి చూసింది. జనం ఎగబడి రాలేదు. ఒక ముసలాయన మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని రోడ్డు దాటాడు. అటుపక్క నిలబడి, కాలనీ పిల్లల ఆట కాసేపు చూసి, తిరిగి లోపలికి వెళ్ళాడు. ఎవరూ ఆపలేదు. మళ్ళీ బయటికి వచ్చాడు.