సబ్బు సీసాకు బండారి

నెల రోజులుగా ఉప్పలయ్య ఇంటి గేటుకు ఒక కాపలా ఉంది. ఆ కాపలా అతని భార్య పెంటవ్వే.

గేటు లోపల నల్లా, నల్లా పక్కన ప్లాస్టిక్ స్టూలు, దాని మీద చేతులు కడుక్కునే సబ్బు సీసా. వచ్చింది చుట్టమైనా, పాలాయనైనా, కరెంటు బిల్లు ఇచ్చే మనిషైనా, పెంటవ్వ నోట వచ్చే మొదటి మాట "చేతులు". బాగున్నారా అని అడగడం ఆ తర్వాతే.

"ఏంది పెంటవ్వా, మల్ల కరోనా వచ్చిందా?" అన్నాడు ఒకరోజు ఎదురింటి సిద్ధయ్య.

"వస్తె నీ చేతులల్లనే వస్తది. వేళ్ళ సందులల్ల గూడ రుద్దు."

సిద్ధయ్య రుద్దాడు. రుద్ది, ఉప్పలయ్య మంచానికి ఆరడుగుల దూరంలో వేసిన బెంచీ మీద కూర్చుని, చాయ్ తాగి పోయాడు. మళ్ళీ రాలేదు. పోతే పోయాడు అనుకుంది పెంటవ్వ.

ఉప్పలయ్యకు కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్ నడుస్తోంది. ఎడమ చేతిలో నరాలు కలిపి ఆపరేషన్ చేశారు. అది గట్టిపడి సూదికి పనికి రావాలంటే ఇంకా రెండు వారాలు. అందాకా రక్తం మిషనులోకి పోయి రావడానికి ఉన్న దారి మెడలో పెట్టిన పైపు ఒక్కటే. బయటికి చిటికెన వేలంత కనబడుతుంది గాని, దాని కొస పోయి గుండె దగ్గర ఉంది.

ఇది రెండో పైపు. మొదటిది కుడివైపు ఉండేది. ఒకనాడు మిషను మీద ఉండగానే ఉప్పలయ్యకు వణుకు పుట్టింది. మూడు దుప్పట్లు కప్పినా మంచం గడగడలాడింది. క్రిములు పైపు వెంబడి రక్తంలోకి దిగాయన్నాడు డాక్టరు. పైపు తీసేశారు, పది రోజులు సూదిమందులు ఎక్కించారు, బతికి బయటపడ్డాక ఎడమవైపు కొత్తది పెట్టారు. "ఇది గూడ పాడైతే మల్ల పెట్టనీకె జాగ దొరకదు పెద్దాయనా" అని చెప్పి పంపారు.

వణుకు పుట్టిన రోజున కొడుకు రాజేంద్రప్రసాద్ దవాఖానలో చేసిన గొడవ అంతా ఇంతా కాదు. "మీరు చేతులు కడుక్కోకనే మా బాపుకు గిట్లయింది" అని డయాలసిస్ సిస్టరు స్వరాజ్యలక్ష్మి మీద అరిచాడు. ఆమె ఏమీ అనలేదు. పెంటవ్వ కుడిచేయి కొంగులో దాచుకుని నిలబడింది. ఆ చేతి గోళ్ళ సందుల్లో అప్పటికీ పసుపు ఉంది.

అంతకు రెండు రోజుల ముందు, ఉప్పలయ్య నిద్రపోతుంటే, మెడ మీది పట్టి అంచు కొద్దిగా లేపి చిటికెడు పసుపు అద్దింది ఆమే. కూరగాయలు కోస్తూ వేలు తెగితే పసుపు, పిల్లలు పడితే పసుపు, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆమెకు తెలిసిన మందు అదే. మొగుడి మెడకు రంధ్రం పడితే ఊరికే ఎలా ఉంటుంది? ఆ సంగతి ఈ నెల రోజుల్లో ఎవరికీ చెప్పలేదు. గేటు దగ్గర సబ్బు సీసా మాత్రం పెట్టింది.

శుక్రవారం పొద్దున తొగుట బస్సు దిగి ఉప్పలయ్య అక్క నర్సవ్వ వచ్చింది.

"చేతులు, వదినె" అంది పెంటవ్వ.

నర్సవ్వ చెప్పులు విడవడం ఆపి చూసింది. "నా తమ్మున్ని ముట్టనీకె నేను చేతులు కడుక్కోవాల్నా? వాని చిన్నప్పుడు వాని ముడ్డి కడిగిన చేతులే ఇవి!"

"గందుకే కడుక్కోమంటున్న."

లోపల కోడలు శైలజ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. నర్సవ్వ కడుక్కుంది గాని, ఆ నీళ్ళు పడ్డ చప్పుడులోనే ఆమె కోపం వినబడింది. బెంచీ మీద కూర్చోకుండా నేరుగా మంచం దగ్గరికి పోయి కొంగు ముడి విప్పింది. పచ్చటి బండారి, మల్లన్న గుడి పసుపు.

"కొమురెల్లి మల్లన్న కాడికి పొయ్యి తెచ్చిన తమ్మీ. గా పైపు కాడ జెరంత పెడ్త. ఇగ ఏ రోగం రాదు."

"నొసలు మీద పెట్టు వదినె" అంది పెంటవ్వ అడ్డం వచ్చి.

"నొసలుకు ఏమైందే? రోగం మెడ కాడుంటె నొసలుకు పెట్టి ఏం జెయ్యాలె?"

"సిస్టరు వద్దన్నది."

"సిస్టరా? పోయినసారి వాన్ని సంపబోయింది వాళ్ళే గదా! వాళ్ళ మురికి చేతులు మంచియి గాని మల్లన్న బండారి చెడ్డదా? జరుగు!"

నర్సవ్వ వేళ్ళు పచ్చగా ముందుకొచ్చాయి. ఉప్పలయ్య అక్కను కాదనలేక కళ్ళు మూసుకున్నాడు. మెడకూ ఆ వేళ్ళకూ మధ్య జానెడు కూడా లేదు. పెంటవ్వ వదినె మణికట్టు పట్టేసుకుంది. పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఆడబిడ్డ చేయి పట్టి ఆపడం అదే మొదలు.

"వాళ్ళు గాదు వదినె, నేను! పోయినసారి పసుపు పెట్టింది నేను. పట్టి లేపి పెట్టిన. మూడో దినానికి వణుకు పుట్టె. నీ తమ్మున్ని సంపబోయింది నేనే. ఇగ తిట్టు, కొట్టు, గని గాడ మాత్రం పెట్టకు!"

శైలజ గరిటెతోనే బయటికి వచ్చి నిలబడింది. పెంటవ్వ తిట్లకోసం తల వంచుకుంది. అవి రాలేదు. తల ఎత్తి చూస్తే నర్సవ్వ మంచం పట్టె మీద కూలబడి ఉంది.

"నువ్వు ఎప్పుడు పెట్టినవ్?" అంది మెల్లగా.

"ఆదివారం."

"నేను సోమవారం పెట్టిన."

"ఏందీ?"

"చూడనీకె వచ్చిన్నాడు నువ్వు చాయ్ పెట్టనీకె లోపలికి పోలే? అప్పుడు. ఇంట్లున్న పాత బండారి. అరే, పట్టి కింద అప్పటికే పచ్చగున్నదేంది, మల్లన్న మహిమ అనుకున్న." నర్సవ్వ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "నా చెయ్యితోనే తమ్మునికి గట్లయ్యిందా అని నెల దినాల సంది నాకు నిద్ర లేదే. గందుకే కొమురెల్లికి పొయ్యి దండం పెట్టుకోని కొత్త బండారి తెచ్చిన."

ఆడవాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుని ఏడ్చే సమయానికి ఉప్పలయ్య దగ్గాడు.

"నేను గూడ ఒకటి చెప్పాలె."

ముగ్గురూ అటు తిరిగారు.

"దురద పెడుతుండె. చీపురు పుల్ల పెట్టి గోక్కున్న."

"ఏడ?"

"పట్టి కింద. రోజు గోక్కుంటుంటి."

పెంటవ్వకు అతను నేతపని చేసిన రోజులు గుర్తొచ్చాయి. మగ్గం మీద పడుగు ఎక్కించిన రోజున, తలకు నూనె రాసుకున్న మనిషిని ఆ గదిలోకి రానిచ్చేవాడు కాదు ఈ మనిషి. నూలు మీద చెమట చెయ్యి పడితే ఊరంతా వినబడేలా అరిచేవాడు.

"నూలుకున్నంత విలువ నీ నెత్తురుకు లేకపాయెనా? చీపురు పుల్లనా! నేను నెల దినాల సంది ముద్ద మింగకుంటె నోరు మూసుకోని పండుకుంటివా?"

"నువ్వు గంతగనం చేతులు కడిగిపిస్తుంటె ఎట్ల చెప్పాలె? నన్ను గూడ గేటు బయట కూసోవెడ్తవని చెప్పలే."

ముందు శైలజ నవ్వింది. తర్వాత నర్సవ్వ. పెంటవ్వ మాత్రం ఇల్లంతా వెదికి, చీపురును పెరట్లోకి గిరాటేసి వచ్చాక గాని నవ్వలేదు.

మరి తెచ్చిన బండారి సంగతి? కొంగు ముడి విప్పాక దేవుడిది మళ్ళీ మూట కట్టుకుపోనంది నర్సవ్వ. కొంచెం తమ్ముడి నొసట పెట్టింది. మిగిలింది పట్టుకుని ఇల్లంతా చూసి, నేరుగా నల్లా దగ్గరికి పోయి, సబ్బు సీసాకు మూడు వేళ్ళతో అడ్డంగా పూసింది. దసరాకు మగ్గానికి పెట్టినట్టు నడిమధ్యన కుంకుమ బొట్టు కూడా పెట్టింది. దండం పెట్టింది. తర్వాత అదే సీసా ఒత్తి, పచ్చటి చేతులు శుభ్రంగా కడుక్కుంది.

మరునాడు డయాలసిస్‌కు పెంటవ్వ కూడా పోయింది. స్వరాజ్యలక్ష్మి మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని, గ్లౌజులు తొడుక్కుని పట్టి విప్పింది. చర్మం శుభ్రంగా ఉంది. ఎరుపు లేదు, చీము లేదు. పెంటవ్వ ఊపిరి వదిలి, అప్పుడు మొత్తం చెప్పింది. పసుపు, బండారి, చీపురు పుల్ల.

"పసుపు నాకు ఆనాడే కనబడ్డది అవ్వా. డాక్టరుకు గూడ చెప్పిన. పుల్ల సంగతే తెల్వదు."

"మరి మా పోరడు గంతగనం ఒర్లుతుంటె ఎందుకు ఊకున్నవ్ బిడ్డా?"

"మీరు చెయ్యి కొంగుల దాచుకున్నరు. ఆడ చెప్తె మీ ఇంట్ల మీ బతుకు ఏమైతదో అనుకున్న. చేతులు కడగాలె, ముట్టద్దు అని మీకు ఒక్కరికే రెండుసార్లు చెప్పిన, యాదికి లేదా?"

పెంటవ్వకు యాదికి ఉంది. ఆ సాయంత్రమే సీసా కొనుక్కుంది. ఇంటికి పోయి కొడుకును పిలిచి సంగతంతా చెప్పింది. మంగళవారం నాడు రాజేంద్రప్రసాద్ సెల్లు చూసుకుంటున్నట్టు నటిస్తూ సిస్టరు ముందు నిలబడి, "తప్పయింది సిస్టర్" అని నేల చూపులు చూశాడు.

రెండు వారాలకు చేతి నరం సూదికి పనికొచ్చింది. మూడుసార్లు మిషను సాఫీగా నడిచాక మెడ పైపు తీసేశారు. తొగుట నుంచి నర్సవ్వ కూడా వచ్చింది. స్వరాజ్యలక్ష్మి గట్టిగా అదిమి పట్టి, కొత్త పట్టి వేసి, "అయిపోయింది పెద్దాయనా" అంది.

ఉప్పలయ్య హాయిగా ఒక నిట్టూర్పు విడిచి, మెడ గోక్కోవడానికి చెయ్యెత్తాడు.

"చేతులు!" అని ముగ్గురాడవాళ్ళూ ఒక్కసారే అరిచారు.