దొంగమొక్క

దొంగతనంగా తెచ్చిన మొక్కే బతుకుతుందని అల్వాల్ అనసూయమ్మకు గట్టి నమ్మకం. పక్కింటి మల్లెకొమ్మ మొదలు పార్కులో మందారం దాకా ఆమె చెయ్యి పడని చోటు లేదు. అంతవరకు సరే. కొడుకు భానుప్రకాశ్ సెలవులకు పడమటి కనుమల మీది వానల అడవి చూపిస్తానని తీసుకుపోతే, అక్కడన్నా ఆ చెయ్యి ఊరుకోవద్దూ? ఆకు తెంపినా జైలేనని గార్డు మరీ మరీ చెప్పాడు. అందరూ చెట్ల మీది నల్లకోతులను తలెత్తి చూస్తుంటే, ఈవిడ నాచుతో సహా ఓ మొక్కను పెకిలించి మనవరాలు లాస్య స్కూలు బ్యాగులో కుక్కేసింది. రైల్లో దాన్నే తలకింద పెట్టుకుని గురక పెట్టింది.

ఇల్లు చేరిన తెల్లారే మొక్కను కుండీలో నాటింది. బ్యాగు పైపైన దులిపి, పుస్తకాలు సర్ది, లాస్యను స్కూలు బస్సెక్కించింది. తీరా నీళ్లు పోద్దామని వంగితే, ఆకుల్లో ఓ ఆకు నాలుక చాపింది.

"అమ్మో!"

చెంబు జారిపడింది. పచ్చటి పాము! ఇదా రైల్లో తన చెవి పక్కన పడుకున్నది? అనసూయమ్మ పైప్రాణాలు పైనే పోయాయి.

పాములు పట్టే పర్వతాలు ఆ కాలనీవాడే గనుక వెంటనే వచ్చాడు. దాన్ని ఒడుపుగా డబ్బాలో వేసి అనుమానంగా చూశాడు.

"గిది మన దిక్కు పాము గాదు పెద్దమ్మా. మస్తు విషం. మొక్క యాడికెల్లి తెచ్చినవ్?"

జైలు కళ్లముందు మెదిలింది. "మోండా మార్కెట్ల కొన్న బిడ్డా."

"అయితే నీకు పరేషాన్ లేదు. ఈ జాతి గుడ్లు పెట్టది, పిల్లల్నే కంటది. పొట్ట జారింది సూడు, ఈ ఒకటి రెండు రోజులల్లనే పిల్లల్ని పెట్టింది. అవి ఆ మార్కెట్లనే యాడనో ఉంటయ్. పుట్టంగనే విషముంటది వాటికి." అని బండి స్టార్ట్ చేశాడు.

నిన్నా మొన్నా మొక్క ఉన్నది బ్యాగులో. బ్యాగు ఉన్నది లాస్య దగ్గర.

అనసూయమ్మ చెప్పుల్లేకుండా ఉరికింది. "ఆగు పర్వతాలూ! అబద్ధమాడిన! అడవిల దొంగిలించిన! నన్ను జైల్ల ఎయ్యనీ, ముందు పోరి స్కూలుకు పా!"

బండి మీద దారిపొడుగునా స్కూలుకు ఫోన్ చేసింది. ఒక్కరూ ఎత్తలేదు. తెలిసిన దేవుళ్లందరికీ మొక్కింది.

"ఆ బ్యాగు ముట్టకుండ్రి!" అని క్లాసు గుమ్మంలోనే కేక పెట్టింది. పిల్లలందర్నీ బయటికి పంపాక పర్వతాలు కర్రతో బ్యాగు విప్పాడు. అడుగున మిగిలిన నాచులో నాలుగు పాముపిల్లలు, పెన్సిలంత సన్నగా.

అనసూయమ్మ లాస్యను దగ్గరికి లాక్కుని వేళ్లు ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూసింది. గాటు లేదు. అప్పుడు బోరుమంది.

"ఏందీ నానమ్మా, ఏడుస్తున్నవ్?" అంది లాస్య. "నేను సుత పొద్దుగాల ఏడ్చిన. రబ్బరు కోసం బ్యాగుల అడుగుదాకా చెయ్యి పెట్టి దేవులాడిన. మెత్తగ ఏందో తగిలింది గానీ, రబ్బరు దొరకలే."