కాగని డప్పు

విశ్వవిద్యాలయంలో ముప్పై ఏళ్లు తాళవాద్యాలు బోధించాను; డప్పు మీద పరిశోధన గ్రంథం మాత్రం డప్పు కళాకారుడు ఓదెలు దగ్గర నేర్చుకుని రాశాను. సినిమా పాట కోసం అతణ్ణి ఫిలింనగర్ స్టూడియోకు నేనే తీసుకువెళ్లాను. లోపల నిప్పు రాజేయకూడదన్నారు.

"మంట మీద కాపకుంటే తోలు పలకదు సార్. గీ ఏసీల మొత్తం మెత్తబడ్డది," అన్నాడు ఓదెలు.

"ఈ ఒక్కసారికి వాయించు, ఓదెలూ. మిగతాది కంప్యూటర్ చూసుకుంటుంది," అన్నాను.

"మీ పుస్తకంల గిట్లనే రాసిన్రా?"

ఆ కాపడం గురించే ఒక అధ్యాయం రాశాను.

"టైం లేదండీ. మీరే వాయించేయండి ప్రొఫెసర్ గారూ," అన్నాడు సంగీత దర్శకుడు.

డప్పు అందుకుని వాయించాను. అందరూ భేష్ అన్నారు. తలుపు దగ్గర నిలబడి చివరిదాకా విన్న ఓదెలు తన డప్పు కోసం చెయ్యి చాపాడు.